డీజిల్ వడపోత: మైక్రాన్లతో ముడిపడిన చరిత్ర

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని విపరీతంగా కుదించినప్పుడు పుట్టే వేడికి, అందులోకి చిమ్మిన ఇంధనం దానంతట అదే అంటుకుంటుంది. అందువల్ల ఇంధనాన్ని ఏ క్షణాన చిమ్మాలి, ఎంత చిమ్మాలి, ఎంత సన్నని తుంపరగా చిమ్మాలి అన్నవాటి మీదే ఆ ఇంజన్ శక్తి, పొదుపు, పొగ, ఆయువు ఆధారపడి ఉంటాయి. రుడాల్ఫ్ డీజిల్ 1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ యంత్రశాలలో తొలి నమూనాను పరీక్షించి, 1897లో అక్కడే 20 అశ్వశక్తుల ఇంజన్‌ను నడిపి, ఇంధనంలోని శక్తిలో నాలుగోవంతుకు పైగా పనిగా మార్చవచ్చని నిరూపించాడు. ఆ ఇంజన్లలో ఇంధనాన్ని సిలిండర్‌లోకి నెట్టింది అధిక పీడనంలో ఉన్న గాలి. ఆ గాలిని తయారు చేయడానికి ప్రతి ఇంజన్‌కూ విడిగా ఒక కంప్రెసర్ కావలసి రావడంతో దాని బరువు, పరిమాణం పెరిగిపోయి, డీజిల్ ఇంజన్ చాలాకాలం కర్మాగారాలకు, ఓడలకు పరిమితమై, రోడ్డు మీదికి రాలేకపోయింది.

ఆ అడ్డంకిని తొలగించిన వారిలో రాబర్ట్ బాష్ సంస్థ ప్రముఖమైనది. 1922లో మొదలుపెట్టిన కృషి ఫలితంగా 1927లో స్టుట్‌గార్ట్‌లో భారీగా ఉత్పత్తి కావడం ప్రారంభమైన ఇంజెక్షన్ పంపు, గాలి సాయం లేకుండా ఇంధనాన్నే నేరుగా వందల బార్ల పీడనానికి నెట్టగలిగింది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమంత). ఈ పంపులో ఒక ఉక్కు గొట్టంలో ప్లంజర్ అనే ఉక్కు కడ్డీ పైకీ కిందికీ కదులుతుంది. వాటి నడుమ రింగు గానీ, రబ్బరు సీలు గానీ ఉండదు. రెండింటినీ ఒకదానికొకటి జతగా నునుపు చేసి, నడుమ రెండు మూడు మైక్రాన్ల సందు మాత్రమే మిగిల్చి, ఆ సందులో నిలిచే డీజిల్ పొరనే సీలుగానూ, కందెనగానూ వాడుకుంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనిపించని ఇసుక రేణువు ఒక్కటి ఆ సందులో చిక్కుకున్నా ఉక్కు మీద గీత పడుతుంది, గీత వెంట పీడనం జారిపోతుంది, ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. కాబట్టి డీజిల్ ఫిల్టర్‌ను ఇంజన్‌కు తగిలించిన అదనపు పరికరంగా చూడడం చరిత్రను తలకిందులు చేయడమే అవుతుంది. శుభ్రమైన ఇంధనం అందకపోతే ఈ పంపు పనిచేయనే పనిచేయదు గనుక, పంపూ వడపోతా జంటగానే ఎదిగాయి.

తొలి తరం ఫిల్టర్లలో ఫెల్ట్ అనే దట్టమైన ఉన్ని గుడ్డ, నూలు గుడ్డ వంటివి ఉండేవి. వాటిని విప్పి, కడిగి, మళ్లీ బిగించేవారు. మన దేశంలో 1951లో ఏర్పడి, బాష్ పరిజ్ఞానంతో బెంగళూరులో పంపులు తయారుచేసిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరు మైకోగా ఎంత స్థిరపడిందంటే, తెలుగునాట లారీ షెడ్లలో డీజిల్ పంపు అంటే మైకో పంపే అన్న వాడుక దశాబ్దాల పాటు నడిచింది. ఆ కాలపు లారీలలో పక్కపక్కన రెండు గిన్నెలు కనిపించేవి: మొదటిదానిలో ముతక మురికిని ఆపే గుడ్డ ఫిల్టర్, రెండోదానిలో సన్నని మురికిని ఆపే కాగితపు ఫిల్టర్. ముతకది ముందు, సన్నది వెనుక అన్న ఆ క్రమం నేటికీ మారలేదు.

కాగితం రావడంతో వడపోత స్వభావమే మారింది. రెసిన్ పట్టించిన ప్రత్యేకమైన కాగితాన్ని మడతలు మడతలుగా పెట్టడం వల్ల చిన్న డబ్బాలోనే విశాలమైన ఉపరితలం ఇముడుతుంది. ఇది జల్లెడలా ఒకే కొలత రంధ్రాలతో పనిచేయదు. చిక్కుపడ్డ పోగుల నడుమ వంకర దారుల్లో ఇంధనం సాగుతున్నప్పుడు రేణువులు ఏదో ఒక పోగుకు తగిలి అంటుకుపోతాయి, అందుకే రంధ్రాల కంటే చిన్న రేణువులు కూడా చాలావరకు ఆగిపోతాయి. అట్టపెట్టె మీద ‘10 మైక్రాన్లు’ అని రాసి ఉన్నంత మాత్రాన అంతకు మించినదేదీ దాటదని అర్థం కాదు. ఆ పరిమాణపు రేణువులను నూటికి ఎన్ని చొప్పున ఆపుతుందో చెప్పినప్పుడే ఆ అంకెకు విలువ. పైగా, పట్టుకున్న మురికి కూడా పొరగా ఏర్పడి వడపోతకు తోడ్పడుతుంది కాబట్టి, కాగితపు ఫిల్టర్ సాధారణంగా కొత్తగా ఉన్నప్పటి కంటే కొంత వాడిన తర్వాతే మెరుగ్గా వడకడుతుంది. ముందు జాగ్రత్త పేరుతో గడువుకు చాలా ముందే మార్చేయడం ఇంజన్‌కు మేలు చేస్తుందన్న నమ్మకానికి అందువల్ల ఆధారం లేదు. గడువు దాటిపోయినా నష్టమే: పూడుకుపోయిన ఫిల్టర్ గుండా చాలినంత ఇంధనం రాక, చదునైన రోడ్డు మీద బాగానే నడిచిన లారీ ఘాట్ రోడ్డులో లోడు లాగలేక చతికిలబడుతుంది.

1990ల నడుమ వచ్చిన కామన్ రైల్ విధానం ఈ కథను మరింత సున్నితమైన దశకు చేర్చింది. ఇందులో పంపు ఇంధనాన్ని ఒక ఉమ్మడి గొట్టంలో ఎప్పుడూ అధిక పీడనంలో నిలిపి ఉంచుతుంది, ప్రతి సిలిండర్ మీద ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్‌ను కంప్యూటర్ విద్యుత్ సంకేతంతో తెరిచి మూస్తుంది. 1995లో డెన్సో సంస్థ ట్రక్కులకు, 1997లో బాష్ కార్లకు దీన్ని తెచ్చినప్పటి నుంచి పీడనం పెరుగుతూ వచ్చి, నేటి భారీ ఇంజన్లలో 2000 బార్లు దాటింది. అంత ఒత్తిడిలో దూసుకుపోయే డీజిల్‌లో మూడు నాలుగు మైక్రాన్ల గట్టి రేణువులు ఉన్నా, అవి ఇంజెక్టర్‌లోని చిన్న కవాటపు అంచును కోసేస్తాయి. కవాటం సరిగా మూసుకోక ఇంధనం కారుతుంది, తెల్లపొగ, నల్లపొగ, తడబాటు మొదలవుతాయి. పాత పంపు ఏళ్ల తరబడి సహించిన మురికిని ఈ ఇంజెక్టర్ సహించలేదు.

మట్టితో పాటు నీరూ శత్రువే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గాలిలోని తేమ గోడల మీద నీరుగా మారి అడుగుకు దిగుతుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో, ముఖ్యంగా చేపల పడవల్లో, ఈ బెడద మరీ ఎక్కువ. నీరు ఉక్కును తుప్పు పట్టిస్తుంది, కందెన పొరను చెదరగొడుతుంది, డీజిల్‌తో అది కలిసే సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి జిగట బురద తయారవుతుంది. మన దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 ప్రమాణపు డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించదు. గాలికి ఇది ఎంతో మేలు. అయితే గంధకాన్ని తీసే ప్రక్రియలో ఇంధనానికి సహజంగా ఉండే కందెన గుణం కూడా తగ్గుతుంది కాబట్టి దాన్ని రసాయనాలు కలిపి తిరిగి తేవలసి వస్తుంది. అలాంటి రసాయనాలు కొన్ని, బయోడీజిల్ కూడా, నీటి బిందువులను విడిపోనివ్వకుండా ఇంధనంలోనే చెదరగొట్టి ఉంచుతాయి. నీటిని వేరుచేసే ఫిల్టర్ల పని దాంతో కష్టమైంది. ముందు ఫిల్టర్ అడుగున ఉన్న పారదర్శకపు గిన్నెలో పేరుకున్న నీటిని, కింది కుళాయి తిప్పి, మచ్చలేని డీజిల్ వచ్చేవరకు వదిలేయడం నిమిషాల పని. ఈ ఒక్క అలవాటు ఇంజెక్టర్లను ఎంతగానో కాపాడుతుంది.

ఫిల్టర్ మార్చే ఘడియ మీద ఉండవలసినంత శ్రద్ధ సాధారణంగా ఉండదు. డబ్బా విప్పిన మరుక్షణం, అప్పటివరకు రోడ్డు దుమ్ముకు అందకుండా ఉన్న శుభ్రమైన వైపు బయటపడుతుంది; కాబట్టి చుట్టుపక్కల అంతా తుడిచిన తర్వాతే విప్పాలి, పాత రబ్బరు సీలు ఫిల్టర్ బిగించే తలకు అంటుకుని ఉండిపోలేదని చూడాలి, కొత్త సీలుకు కాస్త శుభ్రమైన నూనె రాయాలి, సీలు తగిలిన తర్వాత తయారీదారు చెప్పినంతే, చాలా ఫిల్టర్లకు ముప్పావు చుట్టు, చేత్తోనే బిగించాలి. పాత షెడ్ల పద్ధతి ప్రకారం కొత్త ఫిల్టర్‌లో డబ్బా నుంచి డీజిల్ పోసి నింపి బిగించేవారు, ఇంజన్ వెంటనే అందుకుంటుందని. పంపు పాత రకమైతే అది చెల్లింది. కామన్ రైల్ ఇంజన్‌లో రెండో ఫిల్టర్‌ను అలా నింపితే, నడిమి రంధ్రంలో పడిన ఇంధనం వడపోత దాటకుండానే నేరుగా ఇంజెక్టర్ల వైపు వెళ్తుంది. అందుకే ఆ ఫిల్టర్‌ను ఖాళీగానే బిగించి, చేతి పంపుతో లేదా కరెంటు పంపుతో ఇంధనాన్ని లోపలి నుంచే నింపాలి.

నింపడం సరిగా జరగకపోతే లైనులో గాలి పడుతుంది. గాలి కుదించుకుపోయే గుణం గలది కాబట్టి పంపు తోసే ఒత్తిడిని అదే మింగేస్తుంది, సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజన్ లేవదు. ఇక్కడ తికమక పెట్టే సంగతి ఒకటుంది: చాలా ఇంజన్లలో ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే పంపు వరకు ఉన్న భాగంలో పంపు ఇంధనాన్ని పీల్చుకుంటుంది, అక్కడ బయటి గాలి కంటే తక్కువ ఒత్తిడి ఉంటుంది, అందుచేత ఆ భాగంలో ఎక్కడైనా సందు ఉంటే చుక్క డీజిల్ కూడా బయటికి కారదు, గాలే లోపలికి దూరుతుంది. కిందపడ్డ మరక కోసం వెతికే మెకానిక్‌కు అది దొరకదు. అనుమానం ఉన్నచోట పారదర్శకమైన గొట్టం ముక్క కలిపి చూస్తే, పరుగెత్తే బుడగలు జాడ చెబుతాయి.

తీసేసిన పాత ఫిల్టర్‌ను పారేసే ముందు కోసి, మడతలు విప్పి చూడడం అనుభవజ్ఞులు విడవని పద్ధతి. మడతల మీద నల్లటి జిగట ఉంటే, ఇంజెక్టర్లను చల్లబరిచి ట్యాంకుకు తిరిగివచ్చే డీజిల్ వేడికి పాడై గడ్డకడుతోందని, ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు పట్టిందని, గోధుమ రంగు పొర జారుతుంటే సూక్ష్మజీవులు చేరాయని అర్థం. వెండిలా మెరిసే సన్నని రజను కనిపిస్తే మాత్రం కొత్త ఫిల్టర్‌తో సరిపెట్టుకోకూడదు: అది పంపు అరిగి రాలిన లోహం కావచ్చు, తిరుగు గొట్టం ద్వారా ట్యాంకు వరకు చేరి, మళ్లీ ఇంధనంతో పాటు బయలుదేరుతుంది కాబట్టి, ట్యాంకు, గొట్టాలు, కామన్ రైల్, ఇంజెక్టర్లు అన్నింటినీ విప్పి కడిగి, పంపును టెస్ట్ బెంచి మీద పెట్టించిన తర్వాతే ఆ ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి.