ఫోన్ మూగబోతే వాకీటాకీ!

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు తిరిగేవాళ్లకు ఫోన్ సిగ్నల్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్లో రెండు గీతలుంటే, చేను దగ్గర ఒకటి, అడవి అంచున అదీ ఉండదు. గోదావరి పొంగితే ఇక చూడక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు! 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత వరద చూడటం అప్పుడే. కరెంటు పోయి, టవర్ బ్యాటరీలు కూడా అయిపోయాయంటే చేతిలో ఎంత ఖరీదైన ఫోనున్నా టార్చిలైటు కిందే లెక్క.

అందుకే మా మేనమామ ఒకరోజు పట్టుకున్నాడు. "ఏం అల్లుడూ, సాఫ్ట్‌వేర్ చదువు చదివితివి గదా, పోలీసోళ్ల లెక్క వాకీటాకీలు రెండు తెప్పియ్యరాదూ? నేను చేనుకాడ ఉన్నా మీ అత్తతో మాట్లాడొచ్చు."

"తెప్పిస్తా మామయ్యా. కానీ ఏది పడితే అది కొంటే మనకే తంటా" అన్నాను.

తంటా అని ఊరికే అనలేదు. ఇటు పోలీసులూ, అటు మావోయిస్టులూ ఏళ్ల తరబడి వైర్‌లెస్ సెట్లు పట్టుకు తిరిగిన అడవి ఇది. ఫారెస్టువాళ్ల సెట్లు వేరే. అలాంటిచోట అనుమతి లేని సెట్ చేతిలో పెట్టుకుని కనిపిస్తే ఎన్ని ప్రశ్నలు ఎదురవుతాయో మనవైపు వాళ్లకు వేరే చెప్పాలా? ఆన్‌లైన్‌లో మాత్రం ఈ సెట్లు బొమ్మల్లా అమ్ముడుపోయాయి. లైసెన్స్ కావాలో అక్కర్లేదో చెప్పకుండానే అమ్ముతున్నారని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2025 మేలో ఆన్‌లైన్ అమ్మకం వేదికలకు నోటీసులిచ్చింది.

మరి సామాన్యుడు ఏది కొనొచ్చు? 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, అర వాట్ లోపు పనిచేసే చిన్న సెట్లకు మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. యాంటెన్నా సెట్‌కే అతికి ఉండాలి, మనం ఊడదీసి పెద్దది తగిలించే వీలుండకూడదు. ఇంకో ముఖ్యమైన మాట: ఆ మోడల్‌కు కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చిన ఈటీఏ ఆమోదం ఉండాలి. ఆ సర్టిఫికెట్ నకలూ, కొన్న బిల్లూ ఫోన్‌లో కాదు, కాగితం మీద ఇంట్లో ఉంచుకోండి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఓ మాట చెప్పి ఉంచితే ఇంకా నిశ్చింత. నిబంధనల్లో అలా చెప్పమని ఉందా అనడక్కండి, ఇది మన ప్రాంతం తెలిసినవాడి సలహా.

ఇక సెట్టింగులు. ఈ పట్టీలో 16 ఛానెళ్లుంటాయి. మొదటిది 446.00625, అక్కడి నుంచి 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున పెరుగుతూ చివరిది 446.19375. రెండు సెట్లలోనూ ఒకే ఛానెల్ పెడితే మాట కలుస్తుంది. కలవకపోతే చాలాసార్లు కారణం 'టోన్'. మన గొంతుతో పాటు సెట్ 88.5 హెర్ట్జ్ లాంటి ఒక సన్నని గుర్తు శబ్దాన్ని పంపుతుంది. అది వినిపిస్తేనే అవతలి సెట్ నోరు తెరుస్తుంది. ఒక సెట్‌లో టోన్ పెట్టి, రెండోదాంట్లో వేరేది పెడితే ఛానెల్ ఒక్కటైనా నిశ్శబ్దమే. అట్టపెట్టె మీద దీన్నే 'ప్రైవసీ కోడ్' అని గొప్పగా రాస్తారు. ప్రైవసీ ఏమీ లేదు! టోన్ పెట్టనివాడు మన మాటలన్నీ హాయిగా వినేస్తాడు. ఇంటి గుట్లూ, డబ్బుల లెక్కలూ ఇందులో మాట్లాడకండి.

స్క్వెల్చ్ అంటే గరగర శబ్దాన్ని ఆపే గేటు. దాన్ని ఎక్కువ పెడితే గరగరతో పాటు దూరం నుంచి వచ్చే సన్నని మాట కూడా ఆగిపోతుంది. అడవి అంచున తక్కువలోనే ఉంచాలి. బటన్ నొక్కకుండానే గొంతు విని పనిచేసే వోక్స్ మాత్రం ఆపేయండి, గాలివాన హోరుకు అదే మాట్లాడటం మొదలుపెడుతుంది.

దూరం దగ్గర అందరూ మోసపోతారు. చదునైన నేల మీద, అడ్డం లేకుండా, నిలబడ్డ ఇద్దరి మధ్య రేడియో తరంగానికి దొరికే చూపు మేర లెక్క ప్రకారం సుమారు 10 కిలోమీటర్లు. అర వాట్ సెట్‌కు, మధ్యలో టేకు చెట్లూ వెదుళ్లూ ఉంటే అందులో చాలా భాగం పోతుంది. తడిసిన ఆకులు ఇంకా మింగేస్తాయి. పెట్టెమీది అంకె చూసి మురిసిపోకుండా మీ ఇంటికీ చేనుకూ మధ్య నడిచి చూసుకోవాలి, అదీ ఒకసారి ఎండలో, ఒకసారి వానలో. మా మామయ్య విషయంలో వాట్ల కంటే మంచె పనికొచ్చింది. కింద నుంచి ముక్కలుగా వచ్చే మాట మంచె ఎక్కితే తేటగా వచ్చింది. ఎత్తుకు మించిన యాంటెన్నా లేదు మరి.

ఇంతకంటే దూరం కావాలంటే దారి హామ్ రేడియో. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్, సునామీ రోజున పోర్ట్‌బ్లెయిర్‌లో తన సెట్ ముందే ఉన్నారు. ఫోన్లు పోయిన ఆ దీవుల నుంచి బయటి ప్రపంచానికి క్షేమ సమాచారాలు ఆమె బృందం ద్వారా వెళ్లాయి.

హామ్ లైసెన్స్‌కు 12 ఏళ్లు నిండాలి, పరీక్ష రాయాలి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. పిలుపు గుర్తు వీయూ3తో మొదలవుతుంది. అప్పుడు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య చేతి సెట్‌తో మాట్లాడొచ్చు. దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఛానెళ్లు నింపొచ్చు. నాలాంటివాడికి అదో సరదా! ముందు సెట్‌లో ఉన్నదంతా చదివించి ఒక కాపీ భద్రపరచండి, తర్వాతే కొత్తది రాయండి. మన పట్టీ బయట ప్రసారం జరగకుండా ఆపెయ్యండి. ఆ సెట్లలో కొన్ని పోలీసు ఫ్రీక్వెన్సీలకు కూడా చేరుకోగలవు, అక్కడ పొరపాటున బటన్ నొక్కినా అది ఆట కాదు. అయితే హామ్‌లో మాట్లాడే ఇద్దరికీ లైసెన్సుండాలి, వ్యాపారం మాటలు కూడదు. అంటే మిర్చి రేటు అడగడానికి పనికిరాదన్నమాట.

మామయ్యకు ఆ పరీక్ష మీద ఆసక్తి లేదు. ఆయన సెట్లు 446లోనే ఉన్నాయి. ఛానెల్ అంకె గోడ మీద సుద్దతో రాసింది అత్తయ్య. వానాకాలం వస్తే పొద్దున ఏడింటికీ, సాయంత్రం ఆరింటికీ పది నిమిషాలు సెట్ ఆన్‌లో ఉంచాలి, మిగతా సమయం ఆపేయాలి. బ్యాటరీ రెండు రోజులు ఎక్కువ వస్తుంది.