సెల్లార్‌లో ఫోన్ కేకలు

అమ్మలూ, నీ ఫోన్ పెట్టె మీద 5000 ఎంఏహెచ్ అని అచ్చేశారు చూడు, ముందు ఆ లెక్క తేలుద్దాం. దాన్ని బ్యాటరీ వోల్టేజీతో, అంటే దాదాపు 3.85తో హెచ్చవేస్తే 19 వాట్-అవర్లు వస్తాయి. మన హాల్లో తిరిగే పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లది. నీ ఫోన్లో ఉన్నదంతా దానికి ధారపోస్తే పావుగంట తిరిగి ఆగిపోతుంది. ఉన్న సరుకు అంతే. దాంతోనే పొద్దున ఏడింటి అలారం నుంచి రాత్రి పదకొండింటి రీల్స్ దాకా నెట్టుకురావాలంటే సగటున 1.2 వాట్లు మించి ఖర్చు కాకూడదు. డబ్బు మాటకొస్తే ఇది లెక్కలోకే రాదు. ఛార్జర్లో వేడిగా పోయేది కలుపుకున్నా ఒక్క యూనిట్ కరెంటుతో ఫోన్‌ని నలభైసార్లు నింపొచ్చు. బాధంతా సాయంత్రం ఐదింటికే స్విచాఫ్ అయిపోవడం గురించే కదా.

దానికి నువ్వు వెనకాల తెరిచి ఉన్న యాప్‌ల మీద నేరం మోపుతావు. మాట్లాడుతూ మాట్లాడుతూనే వాటిని వేలితో పైకి తోసి తరిమేస్తుంటావు. చాలావరకు అవి అప్పటికే నిద్రపోతున్నాయే! మూసేసి మళ్ళీ తెరిస్తే ప్రతిదీ మొదటినుంచీ లోడ్ అవ్వాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. అసలు వాడకం రెండుచోట్ల: ఒకటి తెర, రెండోది టవర్‌తో మాట్లాడే రేడియో. రేడియో సంగతి ఎవరూ పట్టించుకోరు గనక ముందు అదే చెబుతాను.

టవర్ దగ్గర్లో ఉంటే ఫోన్ గుసగుసగా మాట్లాడుతుంది. దూరమైనా, మధ్యలో గోడలు అడ్డమొచ్చినా కేకలు పెడుతుంది, ఏటి అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలిచినట్టు. గొంతు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో టవరే సెకనుకు ఎన్నోసార్లు దానికి చెబుతూ ఉంటుంది. 4జీ ఫోన్ గట్టిగా అరిస్తే గాల్లోకి పంపేది 200 మిల్లీవాట్లు. మెల్లగా మాట్లాడితే అందులో లక్షో వంతు కూడా ఉండదు. పైగా ఆ 200 గాల్లోకి పంపాలంటే బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు లాగాలి, తక్కినదంతా వేడి. జేబులో ఊరికే ఉన్న ఫోన్ కూడా ఒక్కోసారి ఎందుకు వెచ్చబడుతుందో ఇప్పుడు తెలిసిందా?

ఇక హైదరాబాద్‌లో మీ ఆఫీసు ఉన్న చోటు. 1998లో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి బండరాళ్ళే. ఇప్పుడు రాయదుర్గంలో మెట్రో దిగితే ఎటు చూసినా అద్దాల మేడలు. కొత్తగూడ దగ్గర 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ నుంచి ఈ చుట్టుపక్కల కరెంటు ఆదా చేసే పచ్చభవనాల ఊపు మొదలైంది. ఏసీ ఖర్చు తగ్గించడానికి చాలా కొత్త మేడల అద్దాలకి కంటికి కనిపించనంత పల్చటి వెండి పూత వేస్తారు. వెలుగుని రానిచ్చి వేడి కిరణాలని వెనక్కి కొట్టడం దాని పని. అయితే వేడి కిరణాలూ రేడియో తరంగాలూ ఒకే జాతివి. లోహానికి ఆ తేడా ఏం పట్టదు, రెంటినీ తిప్పికొడుతుంది. అలాంటి అద్దం దాటేసరికి సిగ్నల్ వందో వంతుకో అంతకన్నా తక్కువకో పడిపోవచ్చు. బయట టవర్ కళ్ళెదుటే కనిపిస్తుంటుంది, లోపల మాత్రం ఒక్క గీతే!

కొన్ని మేడల్లో ఇందుకు విరుగుడుగా సీలింగ్‌కి అరచేతిలో పట్టేంత తెల్లటి గుండ్రటి డిప్పలు బిగిస్తారు. పొగ కనిపెట్టే పరికరాలనుకుని వదిలేసి ఉంటావు. అన్నీ కాకపోయినా వాటిలో కొన్ని యాంటెన్నాలే. అవి ఉన్న అంతస్తులో నీ ఫోన్ గుసగుసలకి దిగుతుంది. సెల్లార్లో, అదీ మూడో కింది అంతస్తు పార్కింగ్‌లో, చాలాచోట్ల అలాంటివేమీ ఉండవు. అక్కడ క్యాబ్ కోసం నిలబడ్డంతసేపూ ఫోన్ టవర్ని వెతుకుతూనే ఉంటుంది. పైకొచ్చి నిలబడు. లోపల పని ఉన్నంతసేపూ వైఫైలో ఉండు, సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ పెట్టుకో. రూటర్ ఎలాగూ పక్కనే ఉంటుంది, అరవాల్సిన అవసరం లేదు. 5జీ ఒక్క గీతతో వస్తూ పోతూ ఉంటే ఆ చోటికి 4జీయే మేలు.

తెర సంగతి తేలిక. వెలుతురు తగ్గించు, ముప్ఫై సెకన్లకి ఆరిపోయేలా పెట్టు. మీరంతా డార్క్ మోడ్ అని మురిసిపోతుంటారు గానీ, అది ఓఎల్‌ఈడీ తెరలకే పనికొస్తుంది. అందులో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, నల్లచుక్క అంటే ఆరిన చుక్క. ఎల్‌సీడీలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది గనక నలుపైనా తెలుపైనా ఒకటే. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఓఎల్‌ఈడీ ఫోన్ల మీద కొలిచి చూశారు. వెలుతురు 30-50 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల కలిసొచ్చింది సగటున 3 నుంచి 9 శాతమే. పూర్తి వెలుతురులో మాత్రం 39 నుంచి 47 శాతం. ఏసీ గదిలో కూర్చున్న నీకంటే ఎండలో తిరిగేవాడికి అది అసలైన లాభం.

మే నెల మిట్టమధ్యాహ్నం మీ ఆఫీసు గేటు దగ్గర ఆగే డెలివరీ కుర్రాళ్ళని చూడు. బండి హ్యాండిల్‌కి ఫోన్, దానికి పవర్ బ్యాంక్ వైరు. ఎండకి తెర పూర్తిగా వెలగాలి, జీపీఎస్ నడవాలి, డేటా ఆగకూడదు. ఇంతా చేసి వైరు గుచ్చినా శాతం ఎక్కదు. కారణం వేడి. బ్యాటరీ మరీ కాగితే ఫోనే ఛార్జింగ్ ఆపేస్తుంది, తెర వెలుతురు కూడా తనే తగ్గిస్తుంది. అది మొరాయింపు కాదు, ఆత్మరక్షణ. లోపల లిథియం అయాన్లు అటూ ఇటూ తిరిగే ద్రవం వేడెక్కితే ఎలక్ట్రోడ్లతో పనికిమాలిన రసాయన చర్యలకి దిగుతుంది. కొంత లిథియం అందులో చిక్కుకుని ఇక వాడకానికి రాదు. నూరు శాతం నిండి ఉంటే వోల్టేజి ఎక్కువ గనక ఈ తెగులు ఇంకా ముదురుతుంది. అందుకే దిండు కింద పెట్టి రాత్రంతా ఛార్జింగ్ పెట్టొద్దనేది.

ఇలాంటి బ్యాటరీల్లో వాడే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పనికొస్తుందని 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో తేల్చింది శాస్త్రవేత్త గుడినఫ్ గారి బృందం. అప్పటికే ఆయన అరవైకి దగ్గరపడ్డారు. 1991లో సోనీ లిథియం-అయాన్ బ్యాటరీని బజార్లోకి తెచ్చింది. మరో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చింది 2019లో, 97 ఏళ్ళ వయసులో! కాబట్టి ముసలాళ్ళ మాట తీసిపారేయకు.

80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేసే ఏర్పాటు నీ ఫోన్లోనూ ఉండొచ్చు. అది బ్యాటరీ ఆయుష్షు కోసం. ఇవాళ సాయంత్రానికి మాత్రం అది నష్టమే, అయిదో వంతు ముందే వదులుకున్నట్టు. రోజంతా బల్ల దగ్గర ప్లగ్గు ఉన్న నీకు 80 చాలు. ఊరు బయల్దేరే రోజు నూరు నింపుకో, తప్పేం లేదు.

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు ముందువైపు కాదు, వెనక్కి తిప్పి చూడు. ముందు 10000 అని పెద్ద అక్షరాలుంటాయి. అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర చెప్పే లెక్క. బయటికి 5 వోల్టులకి మార్చి ఇచ్చేసరికి మిగిలేది ఇంచుమించు 6000, అదే వెనకాల చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని రాసి ఉంటుంది. నీ 5000 ఫోన్‌ని అది రెండుసార్లు నింపలేదు, ఒకటిన్నర అనుకో. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు మాత్రం దాన్ని సూట్‌కేసులో పెట్టి చెక్-ఇన్ చేసేయకు, చేతిసంచీలో పెట్టుకోవాలి.