బయోటెక్ చదివి జావాకేనా? ఒక్కసారి '1హెచ్‌డీడీ' తెరిచి చూడండి

బీటెక్ బయోటెక్నాలజీ పూర్తి చేసి, హైటెక్ సిటీలో ఉద్యోగం కోసం అమీర్‌పేటలో జావా కోర్సుకు వెళ్లేవాళ్లు చాలామందే. వెళ్లడం తప్పేం కాదు. కానీ నాలుగేళ్లు చదివిన బయాలజీని పక్కన పడేయక్కర్లేదు. ప్రొటీన్ల నిర్మాణాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే పని మన నగరంలోనే ఉంది. ప్రొటీన్లను త్రీడీలో చూపించే పైమాల్ సాఫ్ట్‌వేర్ ష్రోడింగర్ సంస్థది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బయోఇన్ఫర్మాటిక్స్ కోసం ప్రత్యేక కేంద్రమే నడుస్తోంది.

ఇంటర్వ్యూలో 'డాకింగ్ వచ్చా?' అంటే అందరూ వచ్చనే అంటారు. 'ఈ ప్రొటీన్ డీఎన్ఏను ఎక్కడ పట్టుకుంది? అక్కడే ఎందుకు?' అని అడిగితేనే అసలు సంగతి తేలేది. దీనికి సాధన చేయాలంటే హోమియోడొమైన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉండేది 60 అమైనో ఆమ్లాలే. ఈగ తలపై మీసాల చోట కాళ్లు మొలిపించే యాంటెన్నపీడియా ఈ కుటుంబానిదే. ఈగల్లో ఇలాంటి హాక్స్ జన్యువుల నియంత్రణపై మన సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది.

ప్రొటీన్ డేటా బ్యాంక్ సైట్‌లో 1హెచ్‌డీడీ అని వెతకండి. పైసా ఖర్చు లేదు. డీఎన్ఏను పట్టుకుని ఉన్న ఎన్‌గ్రెయిల్డ్ హోమియోడొమైన్ నిర్మాణమిది, 1990 నాటిది. మూడు హెలిక్స్‌లు కనిపిస్తాయి. మొదటి రెండూ పక్కపక్కనే ఉంటాయి. మూడోది వాటికి అడ్డంగా ఉండి, డీఎన్ఏ మేజర్ గ్రూవ్‌లోకి దూరుతుంది. ప్రొటీన్ మొదట్లో తోకలా వేలాడే భాగమేమో మైనర్ గ్రూవ్‌లో సర్దుకుంటుంది. అంటే పట్టు రెండు వైపులా అన్నమాట!

ఇప్పుడు 51వ అమైనో ఆమ్లంపై క్లిక్ చేయండి. అది ఆస్పరజిన్. ఎదురుగా ఉన్న అడినైన్‌తో రెండు హైడ్రోజన్ బంధాలు కలుపుతుంది. దాదాపు అన్ని హోమియోడొమైన్లలోనూ ఈ స్థానంలో ఆస్పరజినే ఉంటుంది. వీటిలో చాలావరకు డీఎన్ఏలో టీఏఏటీ అనే వరుసను వెతుక్కోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. పక్కనున్న 50వది మాత్రం మారుతుంటుంది. ఎన్‌గ్రెయిల్డ్‌లో గ్లుటమిన్, బైకాయిడ్‌లో లైసిన్. ఎన్‌గ్రెయిల్డ్‌లో ఆ గ్లుటమిన్ తీసి లైసిన్ పెడితే చాలు, టీఏఏటీ తర్వాత సీసీ ఉన్న చోటు వైపు మొగ్గుతుంది. ఒక్క అమైనో ఆమ్లంతో అంత తేడా!

ఇంతవరకూ కంటితో చూసిందే. రెజ్యూమెలో రాసుకోవాలంటే ఇంకో అడుగు వేయండి. బయోపైథాన్‌తో, డీఎన్ఏ బేస్‌లకు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న అమైనో ఆమ్లాల జాబితా తీసే చిన్న స్క్రిప్టు రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. జాబితాలో 51 రాలేదా? స్క్రిప్టును మళ్లీ చూసుకోండి.