ప్లంజ్ రౌటర్ కొంటున్నారా? వాట్స్ చూసే ముందు కాలెట్ సైజు చూడండి.. లేదంటే డబ్బులతో పాటు వేళ్లకూ ముప్పే!

ఇంట్లో ఖాళీ టైమ్‌లో చిన్న చిన్న చెక్క పనులు చేసుకునే వాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు. పూజా మందిరానికి అంచు డిజైన్, పుస్తకాల ర్యాక్‌కు గాడి, తలుపుకు కీలు కూర్చునే గూడు.. ఇవన్నీ ఉలి, సుత్తితో చేస్తే గంటలు పడుతుంది. అదే రౌటర్ చేతిలో ఉంటే నిమిషాల పని. రీల్స్‌లో చూస్తే వెన్న కోసినట్టే కనిపిస్తుంది. అందుకే చాలా మంది వీడియో చూడగానే ఆన్‌లైన్‌లో ‘రౌటర్’ అని కొడుతున్నారు. ముందు వైఫై బాక్సులు వస్తాయి, అది వేరే సంగతి.. ఆ తర్వాత వచ్చే చెక్క రౌటర్ల లిస్ట్ చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి. 900 వాట్స్, 1300 వాట్స్, 1850 వాట్స్.. తక్కువ ధరకే ఎక్కువ వాట్స్ అంటూ ఊరించే బొమ్మలే అన్నీ.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్తగా కొనే వాళ్లు వాట్స్, ధర చూసి ఆర్డర్ పెట్టేస్తారు. బిట్‌ను పట్టుకునే చిన్న భాగాన్ని పట్టించుకోరు. ప్రమాదం ఎక్కువగా మొదలయ్యేది ఆ భాగం దగ్గరే.

ప్లంజ్ అంటే ఏంటి?

మామూలు ట్రిమ్మర్‌లో బిట్ ఎంత బయటికి ఉండాలో ముందే సెట్ చేసి, చెక్క అంచు నుంచి లోపలికి నెట్టాలి. ప్లంజ్ రౌటర్‌లో అలా కాదు. మోటార్ రెండు స్ప్రింగ్ స్తంభాల మీద కూర్చుని ఉంటుంది. మెషీన్‌ను చెక్క మీద పెట్టి, స్విచ్ వేసి, రెండు హ్యాండిళ్లు పట్టుకుని కిందికి నొక్కితే తిరుగుతున్న బిట్ నేరుగా చెక్కలోకి దిగుతుంది. పని అయ్యాక లివర్ వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. అంటే పలక మధ్యలో ఎక్కడైనా గాడి మొదలుపెట్టొచ్చు, ఎక్కడైనా ఆపొచ్చు. కుసి పట్టే బెజ్జానికైనా, నేమ్ బోర్డు మీద అక్షరాలకైనా ఇదే కావాలి. అంచులు గుండ్రంగా చేయడం, సన్‌మైకా అంచు కోయడం వరకే మీ పని అయితే మాత్రం ప్లంజ్ అక్కర్లేదు, చిన్న ట్రిమ్మర్ చాలు.

కాలెట్ దగ్గరే అసలు కథ

బిట్ కాడను బిగించి పట్టుకునే చీలికల గొట్టాన్ని కాలెట్ అంటారు. మన మార్కెట్‌లో దీని సైజులు కలగాపులగం. మిల్లీమీటర్లలో 6, 8, 12 ఉన్నాయి. ఇంచుల్లో పావు, అర ఉన్నాయి. పాత కార్పెంటర్లు ‘రెండు సూతులు’ అనే పావు ఇంచు అంటే 6.35 మి.మీ. అర ఇంచు అంటే 12.7 మి.మీ. కంటికి 6, 6.35 ఒకేలా కనిపిస్తాయి. షాపులో కూడా ‘అంతా ఒకటే సార్, పట్టేస్తుంది’ అని చేతిలో పెట్టేస్తారు.

ఒకటి కాదు. పావు ఇంచు కాలెట్‌లో 6 మి.మీ. బిట్ పెడితే 0.35 మి.మీ. తేడా. నట్ బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ నిమిషానికి 25 వేల సార్లు తిరిగేటప్పుడు బిట్ మెల్లగా జారుతుంది. మొదట తెలిసేది గాడి లోతు పెరగడం. 6 మి.మీ. అనుకున్నది చివరికి వచ్చేసరికి 9 మి.మీ. అయిపోతుంది. పలక వృథా. ఇంకా జారితే బిట్ ఊడి ఎగిరిపోతుంది. అది కంట్లోకి వెళ్తుందో, వేలికి తగులుతుందో ఎవరూ చెప్పలేరు. 12, 12.7 మధ్య తేడా ఇంకా ఎక్కువ, 0.7 మి.మీ. పైగా ఆ సైజులో ఉండేవి పెద్ద, బరువైన బిట్లు.

కాబట్టి కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. మెషీన్‌తో ఏ సైజు కాలెట్లు వస్తున్నాయి? విడిగా దొరుకుతాయా? ఇంటి దగ్గర షాపులో దొరికే బిట్లు ఏ సైజువి? ఇంటి పనికి 8 మి.మీ. కాలెట్ ఉన్న మెషీన్ మంచి ఎంపిక. 6 మి.మీ. కాడ కంటే గట్టిగా ఉంటుంది, తక్కువ వణుకుతుంది. కొన్ని 12 మి.మీ. మెషీన్లతో 6, 8 సైజులకు స్లీవ్‌లు ఇస్తారు. పని జరుగుతుంది కానీ చవక స్లీవ్‌లో బిట్ నడిమధ్యన తిరగదు, గాడి గరుకుగా వస్తుంది. అసలు సైజు కాలెట్ దొరికితే అదే తీసుకోవడం మేలు. 300 రూపాయల బిట్ కొనేటప్పుడు కూడా జేబులో వెర్నియర్ కాలిపర్ ఉంటే ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

బిట్‌ను అడుగు దాకా దింపి, తర్వాత 2-3 మి.మీ. పైకి లాగి బిగించాలి. పూర్తిగా అడుగుకు ఆనించి బిగిస్తే కాలెట్ సరిగ్గా పట్టదు. బిట్ లేకుండా ఖాళీగా నట్ బిగించకూడదు, కాలెట్ పాడవుతుంది. వాడాక బిట్ కాడ మీద నల్లటి గీతలు, చారలు కనిపిస్తే జారుతోందని అర్థం. అప్పుడు మార్చాల్సింది కాలెట్‌నే.

వాట్స్ ఎక్కువైతే.. మీ ఇంటి ప్లగ్ తట్టుకుంటుందా?

ఇది చాలా మంది మెషీన్ ఇంటికొచ్చాక గమనించే విషయం. ఫ్యాన్, చార్జర్ పెట్టే చిన్న సాకెట్ 6 యాంప్స్‌ది. 230 వోల్టుల దగ్గర 900 వాట్స్ మెషీన్ సుమారు 4 యాంప్స్ లాగుతుంది. 1300 వాట్స్ అయితే 5.6 యాంప్స్, అంటే అంచు మీదే. 1650 వాట్స్ అయితే 7 యాంప్స్ దాటుతుంది. దానికి గీజర్ పెట్టే 16 యాంప్స్ సాకెట్ కావాలి. సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, వోల్టేజ్ పడిపోయి మోటార్ మూలుగుతుంది. బాల్కనీలో పని చేయాలనుకునే వాళ్లు ముందు అక్కడ ఏ సాకెట్ ఉందో చూసుకోవాలి.

ఇంటి పనికి 900 నుంచి 1400 వాట్స్ మధ్య సరిపోతుంది. అంతకు మించితే బరువు కూడా పెరుగుతుంది, కొత్త చేతులకు అదుపు కష్టం. రోజంతా టేకు ద్వారబంధాలు చేసే కార్పెంటర్ లెక్క వేరు.

స్పీడ్ డయల్ ఉందా లేదా?

ధర తగ్గించడానికి కంపెనీలు ముందు తీసేసేది దీన్నే. 6 మి.మీ. బిట్ 25 వేల ఆర్‌పీఎమ్‌లో తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 28 కి.మీ. అదే స్పీడ్‌లో 50 మి.మీ. వెడల్పు బిట్ పెడితే అంచు వేగం 235 కి.మీ. దాటుతుంది! అందుకే బిట్ పెద్దదయ్యే కొద్దీ స్పీడ్ తగ్గించాలి. 25 మి.మీ. లోపు బిట్లకు 24 వేల దాకా ఓకే. 50 మి.మీ. దగ్గరికి వస్తే 18 వేల లోపు ఉండాలి. బిట్ మీద ముద్రించిన గరిష్ట ఆర్‌పీఎమ్ ఎప్పుడూ దాటకూడదు. డయల్ లేని మెషీన్ కొంటే పెద్ద బిట్ల జోలికి పోకుండా ఉండాలి, అంతే.

మోడళ్ల సంగతి చూస్తే.. బాష్ జీఓఎఫ్ 130 మెషీన్ 1300 వాట్స్. స్పీడ్ 11 వేల నుంచి 28 వేల దాకా మార్చుకోవచ్చు, 55 మి.మీ. లోతు దిగుతుంది. ఇంటి పనికి లెక్క సరిపోయే మెషీన్ ఇది. మకీటా ఆర్‌పీ0900 తేలిక, 900 వాట్స్, 35 మి.మీ. దిగుతుంది, కానీ స్పీడ్ ఒక్కటే, 27 వేలు. గాడులు, చిన్న అంచులకు బాగుంటుంది. మకీటా 3612 అయితే 1650 వాట్స్, 22 వేల ఆర్‌పీఎమ్, 60 మి.మీ. లోతు. పెద్ద పనుల మెషీన్ అది. తక్కువ ధరలో కనిపించే చాలా బ్రాండ్ల 12 మి.మీ. రౌటర్లు చూడ్డానికి దీనిలాగే ఉంటాయి. అన్నీ చెత్త అని కాదు కానీ, ఒకే రూపం ఉన్నంత మాత్రాన లోపల బేరింగ్, కాలెట్ ఒకేలా ఉంటాయని లేదు. ధరలు షాపుకో రకంగా, సేల్ వచ్చినప్పుడల్లా మారుతుంటాయి కాబట్టి కొనే రోజు రెండు మూడు చోట్ల చూసుకోవాల్సిందే.

షాపులో చేత్తో చూస్తేనే తెలుస్తుంది

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు రాణిగంజ్ వైపు వెళ్తే డబ్బా తెరిచి చూపించే షాపులు దొరుకుతాయి. ప్లగ్ పెట్టకుండానే సగం పరీక్ష అయిపోతుంది. రెండు చేతులతో మెషీన్‌ను పది సార్లు కిందికి నొక్కాలి. సాఫీగా దిగాలి. తర్వాత ఒక హ్యాండిల్ మీదే బరువు వేసి చూడాలి. గట్టిగా పట్టేసినా, కటకటమని దిగినా స్తంభాలు వదులుగా ఉన్నట్టే. సగం లోతులో లాక్ చేసి బలంగా నొక్కాలి. కొంచెం జారినా ఆ మెషీన్ వద్దు. లాక్ లివర్ హ్యాండిల్ వదలకుండా బొటనవేలికి అందాలి. అందకపోతే నడుస్తున్న మెషీన్ మీద నుంచి చెయ్యి తీయాల్సి వస్తుంది.

స్విచ్ కూడా ముఖ్యమే. ఆన్‌లోనే లాక్ అయ్యే స్విచ్ ఉంటే, కరెంట్ పోయి వచ్చినప్పుడు మెషీన్ దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. మన ఊళ్లలో కరెంట్ సంగతి తెలిసిందే కదా. కరెంట్ పోగానే స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసే అలవాటు చేసుకోవాలి. బిట్ మార్చేటప్పుడు ప్లగ్ బయటే ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు.

సైడ్ గైడ్ డబ్బాలో వస్తుందా, కార్బన్ బ్రష్‌లు మీ ఊర్లో దొరుకుతాయా అని కూడా అడగండి. బ్రష్‌లు అరిగే వస్తువులు. అవి దొరకని మెషీన్ ఎంత చవకైనా అలంకారానికే.

డబ్బంతా మెషీన్ మీదే పెట్టకండి

జేబులో 10 వేలు ఉంటే 10 వేల మెషీన్ కొనడం తప్పు లెక్క. బిట్లకు, క్లాంపులకు, కళ్లద్దాలకు, మాస్క్‌కు రెండు మూడు వేలు పక్కన పెట్టాలి. 30 బిట్ల సెట్ చవగ్గా వస్తోందని కొంటే వాడేది నాలుగే. స్ట్రెయిట్ బిట్ రెండు సైజుల్లో, బేరింగ్ ఉన్న రౌండ్ బిట్ ఒకటి, ఫ్లష్ ట్రిమ్ ఒకటి.. కార్బైడ్ మొనలవి ఈ నాలుగు చాలు. మామూలు స్టీల్ బిట్లు ప్లైవుడ్ జిగురుకు ఇట్టే మొండివవుతాయి. మొండి బిట్ చెక్కను కోయదు, కాలుస్తుంది.

మాస్క్ గురించి తేలిగ్గా తీసుకోవద్దు. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం. ఎండీఎఫ్ పొడి మరీ సన్నం, అందులో జిగురు కూడా ఉంటుంది. మూతికి కట్టిన కర్చీఫ్ దాన్ని ఆపదు. కనీసం ఎన్95 ఉండాలి. చెవులకు ప్లగ్స్ కూడా, ఎందుకంటే ఇది మిక్సీ కంటే గట్టిగా అరుస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టడం ఖాయం.

మొదటి రోజు ఏం చేయాలి?

పనికిరాని ప్లైవుడ్ ముక్కను టేబుల్‌కు రెండు క్లాంపులతో బిగించండి. చేత్తో పట్టుకుని చేయడం అస్సలు వద్దు. మెడలో తువ్వాలు, చేతికి గ్లౌజులు తీసేయాలి, తిరిగే బిట్‌కు గుడ్డ చిక్కితే చెయ్యి కూడా వెళ్తుంది. పై నుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. కాబట్టి పలక బయటి అంచుల వెంట గడియారానికి ఎదురు దిశలో నడపాలి. రంధ్రం లోపలి అంచుల్లో అయితే గడియారం దిశలోనే. తిరగేసి నడిపితే బిట్ చెక్క మీద చక్రంలా పరుగెత్తి మెషీన్‌ను చేతుల్లోంచి లాగేస్తుంది.

లోతు ఒకేసారి తీయొద్దు. 6 మి.మీ. బిట్‌తో ఒక్కో విడతకు 3 మి.మీ. చాలు. 12 మి.మీ. గాడి కావాలంటే నాలుగు సార్లు పోవాలి. బేస్ మీద మెట్లలా ఉండే చిన్న చక్రం ఉన్నది ఇందుకే, దాన్ని తిప్పుకుంటూ పోతే ప్రతిసారీ కొలవక్కర్లేదు. ర్యాక్ పలకకు గాడి తీసేవాళ్లకు ఇంకో మాట. 18 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ చాలా సార్లు కొంచెం తక్కువే ఉంటుంది. 18 మి.మీ. బిట్‌తో తీస్తే పలక వదులుగా ఊగుతుంది. చిన్న బిట్‌తో రెండు సార్లు పోయి, పలకను పెట్టి చూసుకుంటూ వెడల్పు చేయాలి. మొదటి గాడి అయ్యాక దాని లోతును రెండు చివర్లా కొలవండి. రెండూ ఒకటే వస్తే కాలెట్, లాక్ రెండూ పట్టు నిలుపుకున్నట్టే. తేడా వస్తే మంచి చెక్క జోలికి వెళ్లకుండా, వాపస్ గడువు దాటకముందే బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి.