పర్యావరణ నాయకత్వము – కళాశాల బాధ్యత

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన మనకు నీటిని గూర్చి వేరొకరు చెప్పవలసిన పని లేదని తలంతుము. ధవళేశ్వరము వద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన నాటి నుండి కాలువలే మనకు అన్నము పెట్టుచున్నవి. అయినను కాలువలో గుర్రపుడెక్క యేల పెరుగుచున్నది, తీరగ్రామములలో బావినీరు ఏల ఉప్పనగుచున్నది అని అడిగినచో, మన పట్టభద్రులలో ఎందరు సరియైన సమాధానము చెప్పగలరు?

ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యములో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు, విద్యాలయములలో పర్యావరణమును తప్పనిసరి పాఠ్యాంశముగా బోధింపవలెనని ఆదేశించినది. 2003లో న్యాయస్థానము మరల గట్టిగా చెప్పిన పిదప యూజీసీవారి ఆరునెలల పాఠ్యప్రణాళిక డిగ్రీ తరగతులకు వచ్చినది. అందు 75 మార్కులు వ్రాతపరీక్షకు, 25 మార్కులు క్షేత్రపరిశీలనకు ఉద్దేశింపబడినవి. ఆ 25 మార్కులలోనే నాయకత్వమునకు బీజమున్నది. కాని ఇంటి వద్దనే కూర్చుండి, ఒకరి పుస్తకము చూచి మరియొకరు నివేదిక వ్రాయుట మన మెరుగనిది కాదు. అట్టి నివేదికలపై సంతకము చేసిన దోషము ఉపన్యాసకులమైన మాది కూడ.

క్షేత్రపరిశీలన యేల అవసరమో మన సమీపమున గల కొల్లేరు తెలుపుచున్నది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. వరదనీటిని నిలుపుకొని మెల్లగా విడుచుట కొల్లేటి సహజధర్మము. చేపలచెరువుల గట్లు లేచిన కొలది ఆ ధర్మము కుంటుపడినది. 1999లో ఐదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 2002లో సరస్సు రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో ప్రభుత్వము గట్లను తెగగొట్టించినది. పిదప కొన్నిచోట్ల అవి మరల లేచినవి. సరస్సును రక్షింపవలెననుటలో సందేహము లేదు. కాని చెరువులపై ఆధారపడిన బడుగు మత్స్యకారుల బ్రతుకుతెరువు ప్రశ్న పూర్తిగా తీరలేదు.

చట్టము మాత్రమే చదివిన వానికి ఈ చిక్కు సగమే తెలియును; జీవశాస్త్రము మాత్రమే చదివిన వానికిని అంతియే. రెండును నేర్చి, జాలరి యింటి ముంగిట కూర్చుండి అతని కష్టసుఖములు వినగలవాడే గ్రామమునకు దారి చూపగలడు. అట్టివారిని తయారుచేయుట ఉన్నతవిద్య పని.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. ప్రతి తరగతికి ఒక కాలువను, ఒక తీరగ్రామమును అప్పగింతురు గాక. భూగర్భజలమును మితిమీరి తోడినచో సముద్రపు ఉప్పునీరు లోనికి చొచ్చుకొని వచ్చును. ఆ ఉప్పును కొలుచుటకు విలువైన యంత్రము లక్కరలేదు. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలోని సిల్వర్ నైట్రేటు ద్రావణము చాలును. నెలనెల అవే బావుల నీటిని పరీక్షించి, ఆ లెక్కలను గ్రంథాలయమున భద్రపరచవలెను. ఫలితములను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి, విద్యార్థులే పంచాయతీ యెదుట చదివి వినిపింపవలెను.

విద్యార్థి మిత్రులారా! మీరు తెచ్చిన లెక్కను చూచి ఒక గ్రామము తన బావిని కాపాడుకొన్ననాడు, ఆ 25 మార్కులు సార్థకములగును.