విశేషణాల వరుస: ఆంగ్ల, తెలుగు పదబంధాల తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే నామానికి అనేక విశేషణాలు చేరినప్పుడు ఆంగ్ల వ్యాకరణాలు సాధారణంగా అభిప్రాయం, పరిమాణం, వయస్సు, ఆకారం, రంగు, మూలస్థానం, పదార్థం, ప్రయోజనం అనే క్రమాన్ని సూచిస్తాయి. విద్యార్థులు ఈ పట్టికను కంఠస్థం చేస్తారు. అనువాదంలో మాత్రం తడబడతారు. పట్టికకు మూలమైన సూత్రం తెలుగులోనూ ఉన్నదని, బోధన అక్కడినుండే ఆరంభం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పసుపు పంటకు పేరొందిన నిజామాబాద్ జిల్లా ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల విద్యార్థులకు సుపరిచితమైన పదబంధాలే ఇందలి ఉదాహరణలు.

సామ్యం

'మంచి పెద్ద గోనె సంచి' అంటాము. 'గోనె పెద్ద మంచి సంచి' అనము. ఆంగ్లంలోనూ 'నైస్ బిగ్ జూట్ బ్యాగ్' అన్నదే సహజం. వస్తువు స్వభావాన్ని నిర్ణయించే పదం నామానికి చేరువగాను, వక్త అభిప్రాయాన్ని తెలిపే పదం దూరంగాను నిలుస్తాయి. నిర్దేశకం, సంఖ్య, విశేషణం నామానికి ముందు వస్తే అదే క్రమంలో వస్తాయని జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ప్రతిపాదించాడు. 'ఆ మూడు పెద్ద సంచులు' అనే ప్రయోగం దీనికి అనుగుణమే.

భేదం

తెలుగులో 'పెద్ద ఎర్రని సంచి', 'ఎర్రని పెద్ద సంచి' రెండూ చెల్లుతాయి. ఆంగ్లంలో 'బిగ్ రెడ్ బ్యాగ్' సామాన్య ప్రయోగం. పెద్ద సంచులలో ఎర్రనిదాన్ని వేరుచేసి చూపవలసినప్పుడే 'రెడ్ బిగ్ బ్యాగ్' పొసగుతుంది.

సందిగ్ధత

'పాత పసుపు సంచి' అనే పదబంధానికి మూడు అర్థాలున్నాయి: పసుపు రంగుగల పాత సంచి; పసుపు నింపడానికి వాడే పాత సంచి; పాత పసుపు ఉన్న సంచి. మొదటిది 'ఓల్డ్ యెల్లో బ్యాగ్'. రెండవది 'ఓల్డ్ టర్మరిక్ బ్యాగ్'. మూడవదానికి 'బ్యాగ్ ఆఫ్ ఓల్డ్ టర్మరిక్' అనే భిన్న నిర్మాణం స్పష్టతనిస్తుంది. పాతది సంచియా, సరుకా అన్నది కొనుగోలుదారుకు చిన్న విషయం కాదు. పట్టిక దీనిని తేల్చలేదు. 'పాత' ఏ పదానికి విశేషణమో ముందుగా నిర్ణయించుకోవాలి.

ముగింపు

కావున తరగతిలో మొదట తెలుగు పదబంధాన్ని విడదీయించి, ఏ విశేషణం దేనికి అన్వయిస్తుందో చెప్పించాలి. ఆ తరువాతనే ఆంగ్ల క్రమాన్ని పరిచయం చేయాలి. అన్వయం తెలిసిన విద్యార్థికి పట్టిక సహాయకారి అవుతుంది. తెలియనివారికి అది భారమే.