పదిహేనేళ్ళ ఎలక్ట్రిక్ కారుకి డాక్టరెవరు?

కొత్త ఎలక్ట్రిక్ కారొస్తే క్యాంటీన్‌లో మన చర్చంతా రేంజ్ ఎంత, పికప్ ఎంత అనే. మరి దానికి పదిహేనేళ్ళు నిండాక ఎవరు బాగుచేస్తారు? ఈ ప్రశ్నకి మంచి ఉదాహరణ టెస్లా మొదటి కారు రోడ్‌స్టర్.

2008 నుంచి 2012 దాకా ఇవి సుమారు 2,450 మాత్రమే అమ్ముడయ్యాయి. 2018లో ఒకటి రాకెట్ ఎక్కి అంతరిక్షంలోకి పోయింది, దానికి సర్వీసింగ్ గొడవ లేదు! తంటా అంతా నేల మీద ఉన్నవాటితోనే.

దీని బ్యాటరీలో 6,831 చిన్న సెల్స్ ఉంటాయి. 69 సెల్స్ పారలల్‌లో కలిస్తే ఒక బ్రిక్, 9 బ్రిక్స్ కలిస్తే ఒక షీట్, మొత్తం 11 షీట్లు. అంటే 99 బ్రిక్స్ సిరీస్‌లో ఉన్నాయన్నమాట. ఇక్కడే ఉంది చిక్కు. జోడెద్దుల్లో ఒకటి కుంటితే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి సాగదు. అలాగే ఒక్క బ్రిక్ వోల్టేజీ కింది హద్దుకి చేరితే, మిగతా 98 బాగున్నా సిస్టమ్ కారుని ఆపేస్తుంది. ఓనరుకి మాత్రం "బ్యాటరీ పోయింది" అనిపిస్తుంది.

నిజంగా పోయే సందర్భమూ ఉంది. చార్జింగ్ పెట్టకుండా నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది. అప్పుడు సెల్ లోపలి రాగి రేకు కరగడం మొదలై, తర్వాత చార్జ్ చేస్తే లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. అలా పోయిన బ్యాటరీ మార్చాలంటే దాదాపు 40,000 డాలర్లని 2012లో వార్తలొచ్చాయి.

అందుకే మంచి రిపేరర్‌ని పట్టుకోవడం ముఖ్యం. ఫీనిక్స్‌లోని గ్రూబర్ మోటార్ కంపెనీ, సియాటిల్‌లోని మెడ్‌లాక్ అండ్ సన్స్ లాంటి కొద్ది వర్క్‌షాపులు ఈ పనికి పేరు తెచ్చుకున్నాయి. సస్పెన్షన్ లాంటి పనులైతే లోటస్ కార్లు తెలిసిన మెకానిక్‌తో కొంతవరకు నడిచిపోతుంది, ఎందుకంటే ఛాసిస్ మూలం లోటస్ ఎలీస్. కరెంటు పనికి మాత్రం మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: కారు లాగ్స్ తీసి, బ్రిక్ వారీగా వోల్టేజీలు చూపిస్తారా? చూడకుండానే "మొత్తం మార్చాలి" అంటే అక్కణ్ణుంచి బయల్దేరడం మంచిది.

రెండు: పవర్ ఎలక్ట్రానిక్స్ బాక్సు విప్పి, బోర్డులో కాలిన భాగాన్నే మార్చగలరా? అది గాలితో చల్లబడే బాక్సు, దుమ్ము పేరుకుంటే వేడెక్కుతుంది. ఒక్కోసారి శుభ్రం చేస్తే సరిపోయే జబ్బుకి మార్పిడి ఆపరేషన్ చేయించుకోవడం దేనికి?

మూడు: దాదాపు 375 వోల్టుల డీసీతో పనిచేసే పద్ధతేంటి? ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, బ్యాటరీ కనెక్షన్ తీసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టే మనిషి కావాలి.

2023 నవంబరులో టెస్లా ఈ రోడ్‌స్టర్ డిజైన్ పత్రాలు కొన్ని అందరికీ విడుదల చేసింది. మంచిదే. కానీ డ్రాయింగ్ చేతికొస్తే పని చేతికొచ్చినట్టు కాదు. మన ఊళ్ళో వ్యవసాయ మోటారు కాలితే ఎవరూ పారెయ్యరు, రీవైండింగ్ షాపుకి తీసుకెళ్తారు. అక్కడ పనిచేసే అన్న చూసేది కాలిన కాయిల్‌ని, మొత్తం మోటారుని కాదు. ఎలక్ట్రిక్ బళ్ళకి అలాంటి చేతులు ఇంకా తక్కువ. మన రోడ్ల మీద తిరిగే ఈ-స్కూటర్లకీ వారంటీ అయిపోయే రోజు వస్తుంది. ట్రిపుల్ ఈ, ఈసీఈ, మెకానికల్ మిత్రులారా, ఆ రోజు బండి తోసుకుంటూ వచ్చేవాళ్ళు వెతికేది మనలాంటివాళ్ళనే. ల్యాబ్‌లో మల్టీమీటర్ పక్కవాడికి ఇచ్చేసి రీడింగులు కాపీ కొట్టే ముందు ఓసారి ఆలోచించండి!